ఫైరింజను వచ్చేలోగా...



మీ ఊరికి ఫైరింజను ఎంతసేపట్లో వస్తుందో ఎప్పుడైనా లెక్క వేసి చూశారా? మా విచారణకు చెందిన ఒక పల్లెలో దివ్యపూజ ముగిశాక ఈ ప్రశ్నే అడిగాను. ఒకరు పది నిమిషాలన్నారు, ఇంకొకరు అరగంటన్నారు. వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దామె మాత్రం, "అది వచ్చేసరికి బూడిదే గదా సామీ, ఊడ్చుకోవాల్సిందే" అన్నది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో ముందు చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాను.

నేను గురువుగా అభిషేకం పొందిన తొలి సంవత్సరాలలో చిత్తూరు జిల్లా పడమటి వైపున ఒక పల్లెకు గృహ సందర్శనకు పోయాను. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. ఒకే వరుసలో పన్నెండు బోదకొట్టాలు, ఒకదాని చూరు ఒకదానికి తగులుతూ ఉండేవి. మూడో ఇంట్లో పొయ్యి దగ్గర రేగిన నిప్పురవ్వ కప్పుకు అంటుకున్నది. గాలి బలంగా ఉన్నది. కరెంటు లేదు గనుక మోటారు ఆడలేదు. ఊరిబావికి రెండే చేదలు. ఊరంతా పరుగెత్తింది, ఎవ్వరూ చేతులు కట్టుకొని నిలబడలేదని నేను సాక్ష్యం చెప్పగలను. కాని ఎవరి బిందె వారిది, ఎవరి దోవ వారిది. బావి నుండి మంట దగ్గరకు వచ్చేలోపల సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి. కొందరు దూడల పలుపులు కోశారు. కొందరు సామాన్లు బయట వేశారు. నేను ఒకరింట్లో నుండి ట్రంకుపెట్టె మోశాను. అందులో పెళ్ళి చీరలున్నాయని ఆ ఇంటామె ఏడుస్తుంటే మోశాను.

ఏడిళ్ళు కాలిపోయాయి. ఫైరింజను గంట దాటాక వచ్చింది. ఆ పేరుతోనే ఇంకొక పల్లె ఉండటంవల్ల ముందు అక్కడికి పోయిందట. పైప్ చుట్టలు విప్పుతుండగా ఎవరో అడిగారు: "ముసలాయన యాడ?" కొడుకు, పక్కింటివాళ్ళు తీసుకొచ్చి ఉంటారనుకున్నాడు. పక్కింటివాళ్ళు కొడుకే తెచ్చాడనుకున్నారు. నేను ఎవరినీ అడగలేదు. ఆయనకు కళ్ళు కనబడవని నాకు తెలుసు. ఆ ఉదయమే ఆయనకు దివ్యసత్ప్రసాదం ఇచ్చినవాణ్ణి నేనే.

ఆ సాయంత్రమే చుట్టుపక్కల మూడు ఊళ్ళ నుండి బియ్యం వచ్చాయి. చీరలు, పంచెలు, గిన్నెలు, చాపలు వచ్చాయి. ఇచ్చినవారిలో హిందువులు, ముస్లిములు, మనవాళ్ళు అందరూ ఉన్నారు. రెండు వారాలలో వెదుళ్ళు, బోద మోసుకొచ్చి, కూలి అడగకుండా ఏడిళ్ళకూ కప్పు వేశారు. ప్రభుత్వం ఇచ్చే బియ్యం, నగదు తరువాత వచ్చాయి. ఇవన్నీ చూశాక, మన పల్లెల్లో ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాని పన్నెండు ఇళ్ళ వరుసలో ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టే మనిషి ఒక్కడు ఆ రోజు లేడు. ఎవరూ లెక్కపెట్టమని ఎవరికీ ముందుగా చెప్పి ఉండకపోవడమే కారణం.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదువుకునేటప్పుడు పునీత తోమాసు అక్వినాసుగారి ఐదు మార్గాలలో మొదటిదానిని మాచేత వల్లె వేయించారు. అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణ నిప్పు, కట్టె. కట్టెలో వేడి బీజరూపంలోనే ఉంటుంది. అప్పటికే వేడిగా ఉన్న నిప్పు తగిలితేనే అది కార్యరూపం దాల్చుతుంది. తనంతట తాను దాల్చలేదు. పరీక్షకు చదివి మరచిపోయిన ఈ మాట ఆ పల్లెలో బూడిద మధ్య నిలబడినప్పుడు గుర్తుకొచ్చింది. సహాయం చేయాలనే మనసు కూడా అంతే. అది అందరిలోనూ బీజరూపంలో ఉన్నది. తర్ఫీదు పొందినవాడు పక్కన నిలబడి "నువ్వు ఇది చెయ్, నువ్వు అది చెయ్" అన్నప్పుడే అది పనిగా మారుతుంది.

మన రాష్ట్రంలో మంటలార్పడం ప్రభుత్వోద్యోగుల పని. ఇప్పుడా శాఖకు విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ అని పేరు. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి, పుత్తూరు, పలమనేరు, పుంగనూరు, కుప్పం వంటి పట్టణాలలో వారి కేంద్రాలున్నాయి. మనం 101కు ఫోను చేయడం, వారు రావడం, ఇంతవరకే మనకు తెలుసు. కాని ప్రపంచంలో చాలాచోట్ల ఈ పని చేసేది జీతగాళ్ళు కారు. రొట్టెలు కాల్చేవారు, బడిపంతుళ్ళు, రైతులు, గుమాస్తాలు, గంట మోగగానే చేతిలో పని వదిలేసి పరుగెత్తుతారు. వారికి జీతం లేదు. మంట పుట్టినరోజు నేర్చుకోరు. వారం వారం సాధన చేస్తారు. జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లోని పల్లెలు, అమెరికాలోని చిన్న పట్టణాలు ఎక్కువగా ఇటువంటి స్వచ్ఛంద దళాల మీదనే ఆధారపడి ఉన్నాయి.

వీటిలో ఒకదాని పుట్టుక మన కతోలికులకు ప్రత్యేకంగా తెలిసి ఉండవలసినది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశ రాజధాని సాంటియాగో నగరంలో, 1863 డిసెంబరు 8న, నిష్కళంక మరియమాత పండుగనాటి సాయంత్రం, ఒకప్పుడు యేసుసభవారిదైన దేవాలయం కిక్కిరిసి ఉన్నది. ఆ దేశంలో మరియమాత నెల నవంబరులో మొదలై ఆ పండుగతో ముగుస్తుంది. వచ్చినవారిలో ఎక్కువమంది స్త్రీలు. వేలకొద్దీ దీపాలు, కొవ్వొత్తులు, కాగితపు పూలు, గుడ్డల అలంకారం. పూజాపీఠం దగ్గర ఒక దీపం అలంకారానికి అంటుకున్నది. అక్కడి నుండి చెక్క కప్పుకు పాకింది. జనం తలుపుల మీద పడ్డారు. తలుపులు లోపలికి తెరుచుకునేవి. ముందున్నవారు పడిపోగా, వెనక నుండి నెట్టేవారివల్ల తలుపు తెరవడానికి వీలు లేకపోయింది. ఆ కాలపు వెడల్పాటి పావడాలు ఒకదానికొకటి చిక్కుకున్నాయి. రెండు వేలమందికి పైగా చనిపోయారు. మాతృపండుగకు చేసిన అలంకారమే ఆ తల్లి బిడ్డలను కాల్చివేసింది.

మూడు రోజుల తరువాత హోసే లూయిస్ క్లారో అనే యువకుడు దినపత్రికలో చిన్న ప్రకటన వేయించాడు: మంటలార్పే దళంగా ఏర్పడదలచిన యువకులు ఫలానా చోటికి రండి అని. డిసెంబరు 14న సమావేశమయ్యారు. డిసెంబరు 20న సాంటియాగో అగ్నిమాపక దళం ఏర్పడింది. పండుగకూ, దళానికీ మధ్య పన్నెండు రోజులు! ఈనాటికీ చిలీ దేశంలో మంటలార్పేవారందరూ జీతం లేని స్వచ్ఛంద సేవకులే. జీతం లేకపోవడమేమిటి, తమ దళానికి తామే చందా కట్టుకుంటారు. చనిపోయినవారికోసం కన్నీరు కార్చి ఊరుకోకుండా, పన్నెండు రోజులలో పేర్లు నమోదు చేసుకున్న ఆ యువకులను తలచుకుంటే నాకు సిగ్గు వేస్తుంది. ఆ బోదకొట్టాల పల్లెలో మేము పన్నెండు సంవత్సరాలలో కూడా ఆ పని చేయలేదు.

ఇటువంటి సేవ ప్రాణాలకు తెగించినదే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో లింటన్ అనేచోట 1998 డిసెంబరు 2న అడవి మంటలు ఆర్పుతుండగా, గాలి దిక్కు మారి ఐదుగురు స్వచ్ఛంద సేవకులు తమ వాహనంతో సహా మంటల్లో చిక్కి మరణించారు. ఆ దుఃఖంలో నుండి పుట్టిన ఆలోచనతోనే 1999 నుండి మే 4ను ప్రపంచవ్యాప్తంగా అగ్నిమాపక సేవకుల దినంగా పాటిస్తున్నారు. మే 4 ఎందుకంటారా? అది పునీత ఫ్లోరియానువారి పండుగ. ఆయన నేటి ఆస్ట్రియా ప్రాంతంలో రోమా సైన్యాధికారి. 304వ సంవత్సరంలో విశ్వాసం కొరకు ఆయన మెడకు రాయి కట్టి ఎన్స్ నదిలో పడవేశారు. నీళ్ళలో ప్రాణం విడిచినవానిని నిప్పునుండి కాపాడమని జనం వేడుకోవడం వింతగా ఉంటుంది గాని, అక్కడి ప్రతి ఊరి అగ్నిమాపక కేంద్రంలోనూ చేతిలో నీళ్ళ బొక్కెనతో ఆయన బొమ్మ కనిపిస్తుంది.

మన దేశంలో ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్ళు, పేలుడు పదార్థాలు కలిపి మోస్తున్న ఓడలో మంటలు లేచి, సాయంత్రం నాలుగు గంటలు దాటగానే ఓడ పేలిపోయింది. ఆర్పడానికి దిగిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది చనిపోయారు. వారి జ్ఞాపకార్థమే ఆ వారం. ఆ రోజుల్లో మన పట్టణంలోని అగ్నిమాపక కేంద్రానికి పిల్లలను తీసుకొనిపోండి. చక్కగా చూపిస్తారు. ఫైరింజను ఎక్కనిస్తారు కూడా. పెద్దలకు సిగ్గు గనుక పిల్లల నెపంతో ఎక్కవచ్చు.

అక్కడ వారిని ఒక మాట అడిగి చూడండి: ఈ బండిలో ఎన్ని నీళ్ళు పడతాయి? మామూలుగా పెద్ద బండిలో పట్టేది 4,500 లీటర్లు. బారు గొట్టంతో కొడితే కొద్ది నిమిషాలలో ఖాళీ. తరువాత నీళ్ళెక్కడివి? బావి ఎక్కడున్నది, చెరువులో దిగే దారి ఎటు, ఏ రైతు బోరు దగ్గర తొట్టి ఉన్నది, ఇవి చెప్పవలసినది ఊరివాడే. బండి వచ్చే దారిలో పండుగ తోరణం ఎంత ఎత్తున కట్టారు, కాలువమీది రాతి పలక అంత బరువు ఆపుతుందా, ఇవి తెలిసినవాడూ ఊరివాడే. కనుక ప్రభుత్వ దళం ఎంత మంచిదైనా, దానికి ఊళ్ళో ఒక చెయ్యి కావాలి. ఆలస్యమైందని వచ్చినవారిమీద కేకలు వేయడం కొన్నిచోట్ల చూశాను. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కాని నాలుగురోడ్ల కూడలిలో బ్యాటరీ లైటు పట్టుకొని ఒక కుర్రవాడు నిలబడి ఉంటే, మా ఫైరింజను ఆ రెండో పల్లెకు పోయేది కాదు.

మన కొండలను చూడండి. శేషాచలం అడవులు 1989 నుండి జాతీయ ఉద్యానవనం, 2010 నుండి జీవావరణ పరిరక్షణ ప్రాంతం. ప్రతి వేసవిలోనూ ఎండిన బోదకు నిప్పు తగిలి కొండవాలు రాత్రిపూట దండలా వెలుగుతుంటుంది. 2014 మార్చిలో తిరుమల కొండలమీద మంటలు చెలరేగినప్పుడు హెలికాప్టర్లను రప్పించి ఆకాశం నుండి నీళ్ళు కుమ్మరించవలసి వచ్చింది. పత్రికలన్నీ హెలికాప్టర్ల ఫొటోలు వేశాయి. కాని కొండమంటకు అసలు మందు వేసవికి ముందే గడ్డి కోసి, ఆకులు ఊడ్చి మధ్యలో ఖాళీ దారి విడవడం. మంట వచ్చాక పచ్చికొమ్మలతో నేలను కొట్టుకుంటూ పోవడం. ఈ పనికి కాలూ కన్నూ తెలిసిన అడవి అంచు పల్లెలవారే గతి. 1992 నుండి మన రాష్ట్రంలో ఏర్పడిన వన సంరక్షణ సమితులకు అడవిని నిప్పునుండి కాపాడటం ఒక బాధ్యత. స్వచ్ఛంద దళం అనే మాట మనకు కొత్త గాని, ఆ పని పూర్తిగా కొత్త కాదన్నమాట.

కేంద్ర ప్రభుత్వం 2016లో 30 జిల్లాలలో "ఆపద మిత్ర" అనే పథకం మొదలుపెట్టింది. 2021లో దానిని 350 జిల్లాలకు విస్తరించి, లక్షమంది స్వచ్ఛంద సేవకులకు తర్ఫీదు ఇవ్వడానికి పూనుకున్నది. వరదలు, తుపానులు, మంటలు వంటి ఆపదల్లో మొదటి గంటలో చేయవలసిన పనులే అందులోని పాఠం. అవకాశం వచ్చిన యువకులు వదులుకోకండి. రానివారు ఊరకే కూర్చోనక్కరలేదు. పల్లెకు పదిమంది చాలు.

ఆ పదిమంది ఏం చేయాలి? ఒకరు 101కు గాని 112కు గాని ఫోను చేసి, ఊరిపేరుతోపాటు మండలం పేరు, దగ్గరి పెద్దరోడ్డు, కాలుతున్నది ఇల్లా వామియా చెరకుతోటా అన్నది చెప్పి, అవతలివారు సరే అనేదాకా ఫోను పెట్టకూడదు. ఒకరు కూడలికి పోవాలి. ఒకరు ఇంటి మెయిన్ ఆపి లైన్‌మన్‌ను పిలవాలి. తీగ తెగిపడి ఉంటే ఎవరినీ దగ్గరకు రానివ్వకూడదు. మిగిలినవారు బావి నుండి మంటదాకా జనాన్ని వరుసగా నిలబెట్టాలి. నిండు బిందె ఒకవైపు చేతులు మారుతూ పోవాలి, ఖాళీ బిందె ఇంకొకవైపు నుండి తిరిగి రావాలి, ఎవరూ పరుగెత్తకూడదు. కాలుతున్న కొట్టాన్ని కాపాడాలని చూడటం తరచుగా వృథా. దాని పక్క కొట్టాన్ని కాపాడాలి. కప్పు తడపాలి, వీలు కాకపోతే కప్పు లాగేయాలి. దానికి మన దగ్గర మంచి పనిముట్టున్నది: మామిడికాయలు కోసే దోటి! ప్రతి ఇంటా ఉన్నదే, కొక్కెం కాస్త గట్టిది వేయించుకుంటే చాలు.

పదో మనిషికి ఒక్కటే పని. నీళ్ళు మోయకూడదు, పెట్టెలు మోయకూడదు. ఆ వీధిలో ఎవరెవరుంటారో ముందే రాసి పెట్టుకొని, ఒక్కొక్కరినీ కళ్ళతో చూసి లెక్క పెట్టాలి. లేవలేనివారు, కళ్ళు కనబడనివారు, చంటిపిల్లలు ఏ గదిలో పడుకుంటారో ఆయనకు తెలియాలి. ఈ పనికి నోరున్న మనిషి కావాలి. మా ఉపదేశి గారి భార్యను నేను ముందే అనుకున్నాను, ఆమెకింకా తెలియదు.

దేవాలయాల సంగతి చెప్పకుండా వదిలితే తప్పవుతుంది. సాంటియాగో దూరమనుకోకండి. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో బడి వార్షికోత్సవపు షామియానాకు నిప్పంటుకొని 440 మందికి పైగా చనిపోయారు. పొరుగునే ఉన్న తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న బడి వంటశాలలో మొదలైన మంట ఆకుల కప్పుకు అంటుకొని 94 మంది పసివారిని పొట్టనపెట్టుకున్నది. మన క్రిస్మస్ పశువులపాకలో వరిగడ్డి, థర్మోకోల్, దానిమధ్య సీరియల్ బల్బులు, పక్కనే కొవ్వొత్తులు! ఆరోగ్యమాత పండుగకు కట్టే పందిరి గుడ్డ నైలాను. అది కరిగి మనుషులమీద పడుతుంది. కానుకపెట్టె భద్రం కోసమని పక్క తలుపులకు తాళం. ఈ చివరిదానిలో మొదటి దోషిని నేనే. ఈమధ్య మా దేవాలయం పక్క తలుపును బయటికి తెరుచుకునేటట్లు మార్పించాను. వడ్రంగి రెండు రోజులు పని చేశాడు. అంతే.

తల్లులారా, వంటగది మీ చేతిలోనిది. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, మూత పెట్టి స్టవ్ ఆపండి. గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయకండి, ఆపకండి కూడా. రెగ్యులేటరు కట్టి తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. ఆ గ్యాసు గాలికంటె బరువు గనుక నేలబారున నిలిచిపోతుంది. ఒంటిమీది బట్ట అంటుకుంటే పరుగెత్తకుండా నేలమీద పడి దొర్లాలి. కాలినచోట ఇరవై నిమిషాలపాటు మామూలు చల్లటి నీళ్ళు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా, దోసెపిండి పూయకండి. ఆసుపత్రిలో వాటిని గోకి తీసేటప్పుడు బిడ్డ పడే బాధ నేను మంచం పక్కన నిలబడి చూశాను. మండుతున్న సిలిండరుమీద తడి గోనెసంచి వేయడం మాత్రం కళ్ళతో చూసి, చేత్తో చేసి నేర్చుకోవలసినదే గాని, పత్రికలో చదివి చేయదగినది కాదు.

అందుకనే, ఎండలు ముదరకముందే ఒక ఆదివారం దివ్యపూజ తరువాత మా దేవాలయ ఆవరణలో అగ్నిమాపక సిబ్బందిచేత ఇవన్నీ చేయించి చూపించాలనుకుంటున్నాను. లెటరు రాసి అడిగితే వస్తామన్నారు. మరియ సేనాదళంవారు, యువకులు, విన్సెంట్ డి పాల్ సభవారు తప్పక రావాలి. ఊళ్ళోని హిందూ, ముస్లిం సోదరులను కూడా మీరే పిలుచుకొని రండి, బావి అందరిదీ. మీమీ విచారణలలో మీ గురువులను అడిగి ఇటువంటి రోజు ఒకటి పెట్టించుకోండి. వచ్చేటప్పుడు ఇంటికొక బకెట్టు, ఒక పాత గోనెసంచి తెచ్చుకోండి. బకెట్టు మీద పెయింటుతో ఇంటిపేరు రాయండి. లేకపోతే వరుసలో చేతులు మారి, ఎవరిది ఎవరింటికి పోయిందో తెలియక, ఆ తగవు తీర్చడానికి మళ్ళీ నేనే రావలసి ఉంటుంది.